స్టూడెంట్ లాగిన్లో పెదనాన్న గొంతు

కంప్యూటరు ముందు కూర్చుని నేను ఏడ్చింది ఒక్కసారే. అదీ మా కాలేజీ ఇంగ్లీషు ల్యాబులో, పట్టపగలు, అటెండరు చూస్తుండగా. నెల్లిమర్ల దగ్గర ఆ కాలేజీలో ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. పిల్లల్ని ఏడిపిస్తానని పేరుంది గానీ నేను ఏడవగా చూసినవాళ్లు లేరు. అటెండరు ఆ మాట ఇప్పటికీ ఎవరి దగ్గరా అనలేదు. మంచి మనిషి.

మా పెదనాన్న హరిదాసు. చేత చిడతలు పట్టి, కాళ్లకి గజ్జెలు కట్టి, విజయనగరం చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోనూ కథ చెప్పినవారు. మా ఇంట్లో నాలుగు తరాలు మగవాళ్లది అదే పని. ఆ వరస పెదనాన్నతో ఆగిపోయింది. ఆయనకి పిల్లలు లేరు. మా నాన్న ఆఫీసు ఉద్యోగంలో పడ్డాడు. ఆడపిల్లనని నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నేర్పమని నేనూ అడగలేదు. అడిగితే నేర్పేవారేమో, ఇప్పుడా మాట ఎందుకు.

ఆయన చెప్పే కథల్లో చాలావాటికి పుస్తకాలున్నాయి. ఒక్కదానికి మాత్రం లేదు. మా ముత్తాత సొంతంగా కట్టిన గొర్రెల కాపరి కథ అది. కళ్లు పోయిన ముసలి కాపరి అడవిలో మందని పోగొట్టుకుని, ఒక్కో గొర్రెనీ పేరు పెట్టి పిలుస్తాడు. ఒక్కటీ రాదు. చివరికి దేవుడే గొర్రె గొంతుతో పలుకుతాడు. చెబితే ఇంతే. పెదనాన్న పాడితే వేరు. ఆ పిలుపు పాట దగ్గర బీడీలు కాల్చుకోవడానికి బయటికి పోయిన మగవాళ్లు కూడా లోపలికొచ్చి కూర్చునేవారు. రాసిన కథ నోటికి బరువని మా ముత్తాత అనేవాడట. అందుకని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి, అంతే దారి. నాకు కథ తెలుసు. పాటలు తెలియవు.

పోయిన మాఘమాసంలో ఆయన గొంతు బొంగురుపోయింది. దాసుగారి గొంతు బొంగురుపోవడం వింతేమిటని ఎవరం పట్టించుకోలేదు. మిరియాల పాలు తాగారు, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నారు. ఎండాకాలం వచ్చినా తగ్గకపోతే విశాఖ తీసుకెళ్లాం. గడ్డ అన్నారు. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. ప్రాణానికి ఫరవాలేదు, గొంతు మాత్రం ఉండదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. పాడుకోవాలనుంటే ఈలోగా పాడుకోమన్నాడు. రెండు వారాల తర్వాత, గురువారం పొద్దున్న ఆపరేషన్, బుధవారం సాయంత్రానికల్లా ఆసుపత్రిలో చేరాలి.

కాపరి కథ రికార్డు చేద్దామని నేను ఆయన వెంటపడ్డాను. గొంతు బాగోలేనప్పుడు కథ చెప్పడం కథకి అవమానమని ఆయన మొండికేశారు. మొండితనం మా వంశంలో ఆస్తి లాంటిది, సమానంగా పంచుకున్నాం. పదిరోజులు బతిమాలాను, రెండు రోజులు అలిగాను. ఆఖరికి సోమవారం నాడు పెద్దమ్మ కలగజేసుకుంది.

"సెప్పీయండి. అది మీ తాత సొత్తు. మీ గొంతులో పెట్టుకుని కోసీమంటారేటి?" అంది.

ఆయన దిగొచ్చారు. బుధవారం పొద్దున్న చెబుతానన్నారు. అంటే బయల్దేరే రోజే.

మంగళవారం సాయంత్రం క్లాసులయ్యాక ల్యాబులో కూర్చుని అన్నీ సిద్ధం చేశాను. ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పడానికి కట్టిన గది అది. కిటికీలకి మందపాటి తెరలు, తలుపు వేస్తే బయట లారీ హారను కూడా వినపడదు. మంచి మైకు ఉంది. కంప్యూటరులో శబ్దం రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేరు ఉంది. ఒక్క చిక్కల్లా ఆ గదిలో అన్ని కంప్యూటర్లూ స్టూడెంట్ లాగిన్‌తోనే తెరుచుకుంటాయి. పిల్లలు ఏదీ చెడగొట్టకుండా ఆ లాగిన్‌కి ముక్కుతాడు వేసి ఉంచారు. పెన్‌డ్రైవు పెడితే గుర్తించదు. కొత్తగా ఏదీ ఎక్కించనివ్వదు. ఒక్కో లాగిన్‌కి ఇంతేనని కొంచెం జాగా ఇస్తారు, అది దాటితే ఒప్పుకోదు.

ఐదు నిమిషాలు నా గొంతుతోనే పరీక్షించి చూశాను. సాఫ్ట్‌వేరు సెట్టింగుల్లో మెమరీ అని ఒక చోటుంది. రికార్డింగుకి ఎంత జాగా వాడుకోవచ్చో అక్కడ అంకె వేసి ఉంది. అది చిన్నది. ముందు ఒప్పుకోనన్నది గానీ, పక్కనే ఇంకో డ్రైవుని చూపించి పెద్ద అంకె వేస్తే ఊరుకుంది. ఓకే నొక్కాను. మళ్లీ తెరిచి చూస్తే నేను వేసిన అంకే కనిపించింది. నాకు నేనే భేష్ అనుకున్నాను. కంప్యూటరు ఆపేసి ఇంటికి పోయాను.

ఆ ఆపడమే నా కొంప ముంచింది. ఆ ల్యాబు కంప్యూటర్లు ఒకసారి ఆపి మళ్లీ తెరిస్తే స్టూడెంట్ లాగిన్లో చేసిన మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. దాచుకున్నవి పోతాయి, మార్చుకున్నవి పోతాయి, అన్నీ మొదటికొస్తాయి. ఇది నాకు తెలియదని ఎలా అనను? తెలుసు. పిల్లలు "మేడం, మా ప్రాజెక్టు పోయింది" అని ఏడిస్తే, "జాగ్రత్త ఉండద్దూ" అని కసిరినదాన్ని. మర్నాడు ఉదయం ఒక్కసారి ఆ సెట్టింగు తెరిచి చూసుకోవాలని మాత్రం నాకు తోచలేదు.

బుధవారం ఎనిమిదిన్నరకి పెదనాన్న పట్టుపంచె కట్టుకుని, నామం దిద్దుకుని ల్యాబుకి వచ్చారు. గజ్జెలు తెచ్చుకున్నారు గానీ కట్టుకోలేదు. కుర్చీలో కూర్చుని చిడతలు చేతిలోకి తీసుకున్నారు. నన్ను ఎదురుగా కూర్చోమన్నారు.

"పెదనాన్నా, గంటకోసారి ఆపి దాచుకుంటే మంచిది" అన్నాను.

"ఏటే ఆపడం? ఇదేటి సినిమానా? ప్రార్థన ఎత్తుకున్నాక మంగళం పాడిందాకా ఆపకూడదు. మద్దెలో ఆపితే ఆ కాపరి అడివిలోనే ఉండిపోతాడు."

"కంప్యూటరు చూసుకోవాలి కదా మరి."

"పెట్టె దాని పని అది సేసుకుంటాది. నువ్వు నా మొహం సూసి ఊ కొట్టు. ఎదర మనిషి పక్కకి సూస్తే నాకు మాట రాదు."

హరికథ తెలిసిన ఇంట్లో ఇది వాదించే విషయం కాదు. కథ ముందు కూర్చున్నవాళ్లు పక్కకి చూడరు, మధ్యలో లేవరు. నేను రికార్డు మీట నొక్కి, ఎందుకైనా మంచిదని నా ఫోనులో కూడా రికార్డింగు పెట్టి, దాన్ని బల్ల మీద బోర్లించి, ఆయన ఎదురుగా కూర్చున్నాను.

ఆ గొంతు గురించి ఏం చెప్పను. గరగరలాడుతోంది, మెట్లెక్కే ముసలివాడిలా ఒక్కో స్వరం దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటోంది. అయినా శ్రుతి తప్పలేదు. ఎక్కడా తాళం జారలేదు. నేను ఊ కొడుతూనే ఉన్నాను. పిలుపు పాట దగ్గరికి వచ్చేసరికి ఆయన మెడ నరాలు ఉబ్బిపోయాయి. ఒక్కో గొర్రె పేరూ ఆ బొంగురు గొంతుతోనే పిలుస్తుంటే, ఇన్నేళ్లూ బాగున్న గొంతుతో విన్నదానికన్నా అదే నిజమైన కాపరి గొంతనిపించింది. ఆయనకి అప్పుడు ఆ మాట చెప్పలేదు. చెప్పాల్సింది.

మంగళం పాడి, చిడతలు కళ్లకద్దుకునేసరికి పదకొండు ఇరవై. మాట్లాడలేకపోతున్నారు. పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి కారు వచ్చిందని సైగ చేసింది. నేను లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్లాను. తెర నల్లగా ఉంది, కాసేపు ముట్టుకోకపోతే దానంతటదే ఆరిపోయేలా పెట్టారు. మౌసు కదిపాను. తెర మధ్యలో చిన్న పెట్టె ఒకటి తెరుచుకుని ఉంది. జాగా చాలదు, దాచడం కుదరదు, అని దాని సారాంశం. కింద రెండు మీటలు. మళ్లీ ప్రయత్నించు అని ఒకటి, రద్దు అని ఇంకోటి. వెనకాల ఏమీ కనిపించడం లేదు. ఎక్కడ నొక్కినా ఆ పెట్టె కదలదు.

ఫోను తిప్పి చూశాను. పన్నెండో నిమిషంలో ఎవరో విశాఖలో ప్లాట్లు కొనమని ఫోన్ చేశారు. దాంతో రికార్డింగు అక్కడే ఆగిపోయింది.

"అంతా వొచ్చిందా?" పెదనాన్న గుసగుసగా అడిగారు.

"వచ్చింది పెదనాన్నా" అన్నాను.

అప్పటికి అది పూర్తి అబద్ధం కాదు. ఎలాగో తీస్తాను కదా అనుకున్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి కారెక్కారు.

కారు గేటు దాటాక నేను ల్యాబులోకి పరిగెత్తాను. మళ్లీ ప్రయత్నించు నొక్కాను. అదే పెట్టె మళ్లీ వచ్చింది. నాలుగుసార్లు నొక్కాను. రద్దు నొక్కడానికి చెయ్యి రాలేదు. అది ఏం రద్దు చేస్తుందో ఎవరు చెప్పగలరు? కంప్యూటరు ఆపితే ఏమవుతుందో మాత్రం నాకు ఇప్పుడు బాగా గుర్తొచ్చింది. అంతా తుడిచేస్తుంది. పెదనాన్న గొంతు ఎక్కడో ఆ పెట్టె వెనకాల ఇరుక్కుని ఉంది. బయటికి తీయడానికి దారి లేదు, అలా వదిలేయడానికీ లేదు. అప్పుడే ఏడుపొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాను.

అటెండరు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఒకప్పుడు జూట్ మిల్లులో పనిచేసి తర్వాత మా కాలేజీకి వచ్చిన మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద.

"ఏటయ్యింది మేడం?"

చెప్పాను. ఎంత అర్థమైందో గానీ మొత్తం విన్నాడు.

"ఊరుకోండమ్మా. సిస్టమ్ సార్‌కి ఫోన్ కొట్టండి. తాళం ఆయన కాడే ఉంటాది కదా."

సిస్టమ్ సార్ అంటే మా కాలేజీ కంప్యూటర్లన్నీ చూసుకునే కుర్రాడు. అన్నిటికీ పైన ఉండే అడ్మిన్ పాస్‌వర్డు అతనొక్కడికే తెలుసు. ఫోన్ చేస్తే వెనకాల హారన్లు, మనుషుల గోల. ఆ రోజు సెలవు పెట్టి సాలూరు వెళ్లాడట. వాళ్ల బావ కొత్త లారీ కొన్నాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేస్తున్నారు.

"మేడం, రద్దు నొక్కకండి. మళ్లీ ప్రయత్నించు కూడా నొక్కకండి. ఏటీ ముట్టుకోకండి" అన్నాడు.

"పాస్‌వర్డు చెప్పు. నేనే తెరుస్తాను."

"ఫోన్లో సెప్పకూడదు మేడం."

"ఒరే, మా పెదనాన్న గొంతు అందులో ఉంది. రేపు పొద్దున్న దాన్ని కోసేస్తారు. చెప్పు."



"మీరే కదా మేడం" అన్నాడు మెల్లగా. "మొన్న స్టాఫ్ మీటింగులో లేచి గట్టిగా అడిగారు. పిల్లలు సిస్టమ్స్‌లో సినిమాలు నింపేస్తన్నారు, జాగా తగ్గించండి, ఆపితే అన్నీ పోయేలాగ సెయ్యండి, పాస్‌వర్డు ఎవరికైనా సెప్తే సిస్టమ్ వాణ్ని ఉద్యోగంలోంచి తీసీండి, అని. మీ మాట మీదే అన్నీ బిగించాను."

నిజమే. నేనే అడిగాను. చప్పట్లు కూడా కొట్టారు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారని పిల్లలకి నేనే చెబుతుంటాను. గొయ్యి ఎంత లోతు తీశానో ఇప్పుడు తెలిసింది. అతని మీద అరవడానికి నోరెత్తితే అరవవలసింది నా మీదే అయింది.

"ఉండండి, నాను వస్తన్నాను" అన్నాడతను.

సాలూరు నుంచి బైకు మీద రావాలి. ఎంత వేగంగా వచ్చినా రెండు గంటలు. నేను ఆ పెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను, దీపం కొండెక్కకుండా కాపలా కాసినట్టు. అతను రామభద్రపురం దాటి ఉంటాడు, గజపతినగరం వచ్చి ఉంటాడు, అని లెక్కలు వేసుకుంటున్నాను.

పన్నెండున్నరకి కరెంటు పోయింది.

 ఫ్యాను ఆగింది, లైట్లు పోయాయి, బల్ల కింద బ్యాటరీ డబ్బా కీక్ కీక్ అని అరవడం మొదలుపెట్టింది. అది పది నిమిషాలు నిలిపితే గొప్ప. నేను లేచి నిలబడ్డాను, అంతకన్నా ఏం చెయ్యాలో తెలియలేదు. అటెండరు పరిగెత్తుకొచ్చాడు.

"తెర ఆపీండి మేడం. తెర కరెంటు బాగా తింటాది. లోపల పెట్టె ఒక్కటీ ఆడితే సాలు."

"దేనికి దేని మీటో..."

"నాను సూస్తాను, మీరు జరగండి."

అతను మోకాళ్ల మీద బల్ల కిందకి దూరి, ఒక్కో తీగనీ వేలితో తడుముకుంటూ పోయి, తెర తీగ ఒక్కటే లాగేశాడు. చెయ్యి తప్పి పక్క తీగ ఊడిపోయి ఉంటే అంతా అయిపోయేది. ఊడిపోలేదు. తెర లేని ఆ కంప్యూటరు మీద చిన్న ఆకుపచ్చ దీపం ఒక్కటే వెలుగుతోంది. ఇద్దరం దానికేసి చూస్తూ నేల మీద కూర్చున్నాం. నేను దేవుణ్ణి మొక్కడం మానేసి చాలా ఏళ్లయింది. ఆ రోజు ఊళ్లో ఉన్న అమ్మవార్లందరికీ మొక్కాను. పైడితల్లమ్మకి చీర మొక్కుకున్నాను.

ఆ చీకట్లో పెద్దమ్మ ఫోన్ చేసింది.

"కొత్తవలస దాటతన్నాం. మీ పెదనాన్న కారులోంచి సైగ సేస్తన్నారు. ఆఖరు పాట బాగా వొచ్చిందా అని అడుగుతన్నారు."

"బాగా వచ్చింది, చెప్పు పెద్దమ్మా" అన్నాను. బ్యాటరీ కూతలు ఆమెకి వినపడకుండా ఫోను చేత్తో మూశాను.

ఇరవై నిమిషాలకి కరెంటు వచ్చింది. ఆకుపచ్చ దీపం ఆరలేదు. పది నిమిషాలు కూడా ఆగదనుకున్న ఆ డబ్బా ఎలా నిలిచిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. అటెండరు దాన్ని ఒక్కసారి నిమిరి, టీ తెస్తానని వెళ్లాడు.

సిస్టమ్ కుర్రాడు రెండున్నరకి వచ్చాడు. జుట్టంతా దుమ్ము, నుదుట లారీ పూజ కుంకుమ అలాగే ఉంది. మాట్లాడకుండా కూర్చున్నాడు. స్టూడెంట్ లాగిన్ని ఆపకుండా పక్కకి జరిపి, తన లాగిన్ తెరిచి, మమ్మల్ని అటు తిరగమని పాస్‌వర్డు కొట్టాడు. స్టూడెంట్ లాగిన్‌కి ఇచ్చే జాగా అంకె దగ్గర నేను బిగింపించిన చిన్న అంకెని చెరిపి పెద్దది వేశాడు. మళ్లీ వెనక్కొచ్చాడు. ఆ పెట్టె అక్కడే ఉంది.

"ఇప్పుడు నొక్కండి మేడం. మీరే నొక్కండి."

మళ్లీ ప్రయత్నించు నొక్కాను. పెట్టె మాయమైంది. ఒక ఆకుపచ్చ గీత మెల్లగా ఎడమ నుంచి కుడికి నిండింది. దాచడం అయిపోయింది. ఆ పిల్లాణ్ణి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను. చదువుకునే రోజుల్లో నా చేత దెబ్బలు కూడా తిన్న పాత విద్యార్థి అతను, సిగ్గుపడిపోయాడు.

"ఎంత ఉన్నాది మేడం కథ?"

"రెండు గంటల ఇరవై నిమిషాలు."

అతను తెరకేసి చూశాడు. మళ్లీ చూశాడు.

"ఇందులో గంటా నలభై ఎనిమిది నిమిషాలే ఉన్నాది."

నేను అతని భుజం మీంచి వంగి చూశాను. చివరి నుంచి వెనక్కి జరిపి వినిపించాడు. పెదనాన్న గొంతు. కళ్లు పోయిన కాపరి అడవిలోకి అడుగు పెట్టాడు, మంద ఏదీ అని చెట్లని అడుగుతున్నాడు. ఊ, అంటున్నాను నేను. అంతే. తర్వాత ఏమీ లేదు.

జాగా నిండిపోగానే రికార్డింగు ఆగిపోయింది. ఆ పెట్టె నేను మౌసు కదిపినప్పుడు వచ్చింది కాదు, అంతకు అరగంట ముందే వచ్చింది. ఆరిన తెర వెనకాల అది ఉండగానే, నేను ఆయన మొహం చూస్తూ ఊ కొడుతున్నాను. ఆయన నరాలు ఉబ్బేలా గొర్రెల్ని పిలుస్తున్నారు. ఆ పిలుపు పాట ఆ గది గోడలకీ నాకూ తప్ప ఎవరికీ అందలేదు.

ఒక ఉపాయం ఉంది. రేపు పొద్దుటి దాకా ఆ గొంతు ఆయన దగ్గరే ఉంది. ఫోను పట్టుకుని ఆసుపత్రికి వెళితే ఆ చివరి అరగంట మళ్లీ పాడించవచ్చు. బస్సుకి వెళ్లినా సాయంత్రానికి చేరుకుంటాను. పెద్దమ్మకి ఫోన్ చేశాను.

"ఎలా ఉన్నారు?"

"ఏటి సెప్పమన్నావు. పొద్దున్న అంతసేపు పాడేరు కదా, గుక్క నీళ్లు దిగడం లేదు. ఉమ్మిలో రక్తం పడతన్నాది. మాటాడకూడదని డాక్టరు గట్టిగా సెప్పాడు." మళ్లీ తనే, "ఏవే, అంతా బాగా వొచ్చింది కదా?" అంది.

ఆయన సంగతి నాకు తెలుసు. చివర రాలేదని ఒక్క మాట అంటే చాలు, రక్తం పడుతున్నా లేచి కూర్చుని పాడతారు. డాక్టరు కాళ్లు పట్టుకున్నా ఆగరు. అందుకే అడగలేకపోయాను. అడగకపోవడం ప్రేమో పిరికితనమో నాకు ఇప్పటికీ తేలలేదు.

"అంతా వచ్చింది పెద్దమ్మా" అన్నాను. ఈసారి అది పూర్తి అబద్ధం.

ఆపరేషన్ బాగానే అయింది. పన్నెండు రోజుల తర్వాత కూర్చోబెట్టారు. మెడ కింద రంధ్రం, దానికి గుడ్డ కట్టు. ఏం చెప్పాలన్నా పెద్దమ్మ కొనిచ్చిన పలక మీద రాస్తున్నారు. నేను వెళ్లిన రోజు నన్ను చూడగానే పలక తీసుకుని రాశారు: కథ వినిపించు.

దారి పొడుగునా ఈ ఘడియ గురించే భయపడుతూ వచ్చాను. చెప్పేద్దామనుకున్నాను. దానికి బదులు సిస్టమ్ కుర్రాడు కథ ఎక్కించి ఇచ్చిన ఫోను తీసి, హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి పెట్టి, మొదలుపెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నారు. కుడిచేతి వేళ్లు దుప్పటి మీద చిడతల్లా ఆడుతున్నాయి. గంట గడిచింది. నర్సు వచ్చి సెలైను మార్చి వెళ్లింది. నేను ఫోను తెర మీద నిమిషాలు చూస్తున్నాను. గంటా నలభై ఐదు. నలభై ఆరు. నలభై ఏడు. చెవుల్లోంచి ఆ హెడ్‌ఫోన్లు తీసి నా మొహం చూస్తారు, అప్పుడు నేను ఏం చెప్పాలి? 

నలభై ఎనిమిది దగ్గర ఆగింది. తెర మీద అంకె ఇక కదల్లేదు.

ఆయన వేళ్లు ఆగలేదు. కళ్లు తెరవలేదు. దుప్పటి మీద తాళం అలాగే నడుస్తోంది. పెదాలు కదులుతున్నాయి. పిలుపు పాట దగ్గర మెడ నరాలు కట్టు కింద ఉబ్బాయి, నేను చూశాను. ఊపిరి ఆ రంధ్రంలోంచి వచ్చి పోతోంది తప్ప శబ్దం లేదు. మా ముత్తాత కట్టిన పాట నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో పూర్తిగా పాడుతున్నారు, నాకు ఒక్క స్వరం వినపడలేదు. ఊ కొట్టాలనిపించింది. కొడితే రికార్డింగు ఆగిపోయిందని ఆయనకి తెలిసిపోతుందేమోనని పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

అరగంట తర్వాత వేళ్లు ఆగాయి. రెండు చేతులూ కళ్లకద్దుకున్నారు. హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టి, పలక అందుకున్నారు.

ఆఖరు పాటలో గొంతు నిలబడిందే, అని రాసి నాకేసి తిప్పారు.

ఆ మాట నా కోసం రాశారో, నిజంగా విన్నారో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

"నిలబడింది పెదనాన్నా. ఎప్పటికన్నా బాగా పాడారు" అన్నాను.

ఆయన తలూపి, పలక మీద మాట అరచేత్తో చెరిపేశారు.